పెద్దసారు కుక్క ఆవుకు భయపడలేదు

ఆ రోజుల్లో మా జహీరాబాదులో ఒక్క భాషతో బతుకుతున్నవాడిని చూస్తే జాలిపడేవాళ్లు. బజారులో కూరగాయలమ్మే ఆమె తెలుగులో ధర చెప్పి, ఉర్దూలో బేరమాడి, కన్నడంలో విసుక్కుని, మరాఠీ ఆమె ఎదురైతే కోడలి మీద చాడీలు కూడా చెప్పేది. బడి మొహం చూడని మనిషి నాలుగు భాషలు మాట్లాడుతుంటే, డిగ్రీ పూర్తి చేసిన నేను తెలుగు, ఉర్దూల దగ్గరే ఆగిపోయాను. (ఉర్దూ కూడా క్రికెట్ ఆటలో కొట్లాడుకోవడానికి సరిపోయేంతే.) అయినా ఎవరైనా కన్నడం వచ్చునా అని అడిగితే మాత్రం "రాకేం" అనేవాణ్ణి. సరిహద్దు అవతల ఒక పల్లెలో మా మేనత్త ఉండేది. చిన్నప్పుడు రెండు వేసవులు అక్కడ గడిపాను. రెండు వేసవుల్లో ఈత నేర్చుకున్నాను కాబట్టి కన్నడం కూడా వచ్చేసే ఉంటుందని నా లెక్క.

ఈ "రాకేం" వల్లనే నాకు ఉద్యోగం వచ్చింది. దీని వల్లనే ఒక కుక్క పరువు కూడా పోయింది. ఆ కుక్క ఆవును చూసి పారిపోయిందని మా ఊళ్లో నలభై ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. ఆ కథ తప్పని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. అందుకే ఈ నాలుగు పేజీలు.

ఎనభైల మొదట్లో సంగతి. రైతులకు విత్తనాలూ ఎరువులూ ఇచ్చే ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం పడింది. న్యాల్‌కల్ దాటి కర్ణాటక ఊళ్ల నుంచి కూడా రైతులు వచ్చేవారు కనుక కన్నడం తెలిసినవాడు కావాలన్నారు. నేను "రాకేం" అన్నాను, తీసుకున్నారు. అయితే ఏడాదిపాటు తాత్కాలికం. ఏడాది చివర పెద్దసారు, అంటే మా ఆఫీసరు, "ఇతనికి కన్నడం బాగా వచ్చు" అని రాస్తేనే పర్మనెంటు, లేకపోతే ఇంటికి. ఆ ఏడాది నన్ను కాపాడింది ఆఫీసు అటెండరు చాచా. ఆయన గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని వచ్చినవాడితో వచ్చినవాడి భాషలో మాట్లాడి, సంగతి తెలుగులో నా చెవిన వేసేవాడు. నేను రైతు వైపు తిరిగి "హౌదు, హౌదు" అని తలాడించేవాణ్ణి. అద్దాల గది లోంచి చూసే పెద్దసారుకు అది గొప్ప సంభాషణలా కనిపించేది.

పెద్దసారు గుంటూరు వైపు మనిషి. ఆయన ఇద్దరు కూతుళ్లూ పెళ్లిళ్లై వెళ్లిపోయాక ఇంట్లో మిగిలింది అమ్మగారు (సారు భార్య), టైగర్. టైగర్ అంటే పేరు చూసి ఏమో అనుకోకండి. గోధుమరంగు నాటుకుక్క, ఒక చెవి నిలబడి ఉండేది, రెండోది ఎప్పుడూ పడుకునే ఉండేది. కానీ సారు దృష్టిలో దానికి సాటి లేదు. "మావాడు దొంగను పట్టుకున్నాడయ్యా ఒకసారి," అని మొదలుపెడితే టీ చల్లారేదాకా చెప్పేవారు. పొద్దున ఆరింటికి దాన్ని తీసుకుని బజారు మీదుగా నడుస్తుంటే ఆయన ఛాతీ రెండంగుళాలు ముందుకొచ్చేది. మిగతా వేళల్లో ఆయన చాలా సాదా మనిషి. గర్వం అంటూ ఉంటే అదంతా ఆ గొలుసు చివరే ఉండేది.

పెత్రమాసకు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు, ముందు శనివారం నన్ను గదిలోకి పిలిచారు. నా సంగతి తేల్చే కాగితం బల్ల మీదే ఉంది.

"ఏవయ్యా, రేపు ఖాళీయేనా? మా ఆవిడకు గునుగుపూలు కావాలట. మా వైపు ఈ బతుకమ్మ పండగే లేదు. ఇక్కడికొచ్చాక మా వీధి ఆడవాళ్లు అంటించారు ఈవిడకి."

"ఖాళీనే సార్. మొగుడంపల్లి దిక్కు గుట్టల మీద మస్తుంటయి. తంగేడు గూడ దొర్కుతది."

"అక్కడ గొర్రెలు కాసేవాళ్లంతా కన్నడమే మాట్లాడతారట కదా. నువ్వు పక్కనుంటే మాటకు ఇబ్బంది ఉండదు. నీ కన్నడం నేనూ ఒకసారి దగ్గర్నుంచి వింటాను." అని ఆ కాగితం మీద గాజు గుండు పెట్టారు. "సోమవారం ఇది పంపించేయాలి."

బయటికి రాగానే చాచాకు చెప్పాను. ఆయన బీడీ ఆర్పి నన్ను ఎగాదిగా చూశాడు. "పో బేటా, ఫికర్ చెయ్యకు. సీతాఫలాలు కనపడితె నాలుగు తే. కన్నడం మాత్రం జర తక్కువ మాట్లాడు."

ఆదివారం పొద్దున జీపును రోడ్డు మీద వదిలి కాలిబాట పట్టాం. అక్కడ గుట్టల మీద అటవీశాఖ వాళ్లు పెంచిన అడవి ఉండేది. టేకు, నీలగిరి వరసలుగా నిలబడితే, వాటి మధ్య ఎవరూ నాటని మోదుగు, సీతాఫలం, తంగేడు ఇష్టమొచ్చినట్టు పెరిగాయి. వానలు అప్పుడే వెనక్కి తగ్గాయి. ఎర్రమట్టి ఇంకా మెత్తగా ఉంది కానీ కాళ్లకు అంటుకోవడం మానేసింది. ఎండ ఉంది, చురుకు లేదు. ఇలాంటి పొద్దున ఎంతటివాడికైనా తనకు అన్నీ తెలుసనిపిస్తుంది. నాకు ముందు నుంచే అనిపించేది కాబట్టి, ఇంకాస్త ఎక్కువ అనిపించింది. టైగర్ ముందు, పెద్దసారు గొలుసు పట్టుకుని దాని వెనక, రెండు గోనెసంచులతో నేను ఆయన పక్కన. చాచా చెప్పిన మాట గుట్ట మొదట్లోనే మరిచిపోయి సారుకు కన్నడ పాఠం మొదలుపెట్టాను.

"కన్నడమంటె ఏం లేదు సార్. మన 'ప'ను 'హ' చేస్తె అయిపాయె. పాలు అంటె హాలు. పువ్వు అంటె హూవు. పులి అంటె హులి. పండు అంటె హణ్ణు."

(ఇవి నిజమే. ఇవి తప్ప నాకు పెద్దగా ఏమీ రావన్నది కూడా నిజమే.)

"భలే ఉందయ్యా. మరి పప్పు?"

"హప్పు సార్."

సారు నవ్వుకున్నారు. "అయితే మా ఆవిడ రోజూ హప్పే వండుతోందన్నమాట." ఆయన అంత హాయిగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. కాగితం మీద సంతకం పడ్డట్టే అనుకున్నాను.

రెండు వంపులు తిరిగేసరికి బాట సన్నబడింది. కుడివైపు సీతాఫలం పొదలు. వాటి అవతల తెల్లగా, గాలికి ఊగుతూ, ఎవరో పరిచినట్టు గునుగుపూలు. సరిగ్గా అక్కడ టైగర్ ఆగింది. ఆగడమంటే మామూలుగా కాదు. బాటకు అడ్డం తిరిగి నాలుగు కాళ్లూ పాతినట్టు నిలబడింది. పడుకునే చెవి కూడా లేచింది. మొరగలేదు. సారు ముందుకు అడుగు వేస్తే మోకాళ్లకు అడ్డం వచ్చింది. గొలుసు కాళ్లకు చుట్టుకుంటే ఆయన వంగి విప్పుకోవడం మొదలుపెట్టారు.

అప్పుడే పైనున్న బండ మీద నుంచి ఒక గొంతు వినిపించింది. గొర్రెలు కాస్తున్న ముసలామె, దవడ నిండా తంబాకు. "ఏ తమ్మా, ఆ కడె హోగబ్యాడ్రి. దొడ్డ హావ్ అద."

సారు వంగే అడిగారు: "ఏమంటోంది?"

హోగబ్యాడ్రి అంటే పోవద్దు. దొడ్డ అంటే పెద్ద. ఈ రెండూ మేనత్త ఊరి పుణ్యమా అని నాకు తెలుసు. ఇక మిగిలింది ఒక్క మాట. ఆ తంబాకు లోంచి వచ్చిన 'హ' నా చెవికి తగల్లేదో, తగిలినా నేనే పక్కకు తోసేశానో ఇప్పటికీ తేల్చుకోలేను. నాకు వినిపించింది ఆవు.

"అటు పోవద్దంటున్నది సార్. పెద్ద ఆవు ఉన్నదట."

"ఆవుంటే పోవద్దనడమేంటయ్యా?"

ముసలామె ఇంకోసారి అరిచింది. "హెడి ఎత్తి నింతద." అంటూ మోచెయ్యి నిలబెట్టి, మణికట్టు వంచి, అరచేతిని వెడల్పుగా తెరిచి చూపించింది. సారు తల ఎత్తి ఆ చెయ్యి చూసి ఉంటే కథ అక్కడే అయిపోయేది. ఆయన గొలుసు విప్పుకుంటున్నారు. చూసింది నేను. చూసి, ఇంత వంకర కొమ్ములు ఏ జాతి ఆవుకు ఉంటాయా అని ఆలోచించాను.

"తల ఎత్తుకొని నిలబడ్డదట సార్. పొగరు ఆవు. కొత్తగ ఈనినట్టున్నది, పొడుస్తదేమో." (ఈ ఈనడం పూర్తిగా నా సొంతం. మంచి దుబాసీ అన్నవాడు రెండు మాటలు కలపాలని నా నమ్మకం.)

సారు లేచి నిలబడ్డారు. టైగర్ వైపు చూశారు. టైగర్ కదల్లేదు. ఆయన ముఖంలో మారిన రంగు నాకు బాగా గుర్తు. "అంటే మావాడు ఆగింది ఆవును చూసా?"

"నువ్వుండు సార్, నేను తోలేసొస్త." అని సంచులు కింద పెట్టి, టైగర్ మీదుగా దాటి, పొదలు తప్పించుకుంటూ అటువైపు నడిచాను. ఆవును తోలే మనిషి ఎలా వెళతాడో అలాగే వెళ్లాను. ఒక చెయ్యి పైకెత్తి, "హే, హే, ఛల్" అంటూ.

అక్కడ ఆవు లేదు. ఒక పుట్ట ఉంది. ఆ పుట్ట మీద నా నడుమెత్తున నాగుపాము పడగ విప్పి నిలబడి ఉంది. ముసలామె చెయ్యి ఎలా పెట్టిందో అచ్చం అలాగే.

నా చెయ్యి పైనే ఉండిపోయింది. "హే" సగంలో ఆగిపోయింది. మనిషికి అలాంటప్పుడు దేవుడు గుర్తొస్తాడంటారు. నాకు నా పాఠం గుర్తొచ్చింది. పాలు, హాలు. పులి, హులి. పాము. అంతదాకా వచ్చి, అక్కడే నిలబడి, మిగతాది పూర్తి చేశాను. గంట కింద సారుకు అంత బాగా చెప్పిన సూత్రాన్ని పాముకు మూడు గజాల దూరంలో నేను మొదటిసారి అర్థం చేసుకున్నాను.

ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. వెనక నుంచి ఏదో నా ప్యాంటు అంచు పట్టింది. టైగర్. గొలుసు విడిపించుకుని చప్పుడు లేకుండా వచ్చి, నా ప్యాంటు పళ్లతో పట్టుకుని మెల్లగా వెనక్కి లాగింది. ఒక అడుగు. ఇంకో అడుగు. నా కాళ్లను కదిలించింది ఆ కుక్కే. పొద ఇవతలికి వచ్చేదాకా అది వదల్లేదు, ఒక్కసారి కూడా మొరగలేదు.

ఇక్కడ నేను నిజం చెప్పొచ్చు. "పాము. టైగర్ నన్ను కాపాడింది." నాలుగు మాటలు. ఆ పెద్దమనిషి దాన్ని ఎత్తుకుని ఊరంతా తిరిగేవారు. కానీ ఆ నాలుగు మాటల వెంటే ఐదోది వస్తుంది: మరి ముసలామె ఏం చెప్పిందయ్యా? దాని వెంట సోమవారం వస్తుంది, కాగితం వస్తుంది. ఇదంతా నేను పొద దగ్గర నుంచి సారు దగ్గరకు నడిచిన ఆరడుగుల్లో ఆలోచించాను. అంత వేగంగా నా బుర్ర అంతకుముందూ పనిచెయ్యలేదు, తర్వాతా పనిచెయ్యలేదు.

"ఆవు ఉన్నది సార్. తోలేసిన, మళ్లొస్తదేమో. అటు బురద గూడ ఉన్నది. మనం ఆ పక్క బాట పోదం."

"మరి వీడెందుకొచ్చాడు నీ దగ్గరికి?"

టైగర్ నా కాలికి ఆనుకుని నా ముఖంలోకే చూస్తోంది.

"ఆవును చూసి భయపడి నా వెనక దాసుకున్నది సార్."

ముసలామె బండ మీద నుంచి నన్నే చూసి ఒక్క మాట అంది. "హుచ్చ." పిచ్చివాడని. నా సూత్రం ఆ మాటకు మాత్రం చక్కగా పనిచేసింది.

రెండో బాటలో పూలు దొరికాయి, తంగేడు దొరికింది, రెండు సంచులూ నిండాయి. తిరుగు దారిలో సారు గొలుసు పట్టుకోలేదు. అది నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. టైగర్ మాత్రం ఎప్పటిలాగే ముందు నడుస్తూ, వంపు తిరిగిన ప్రతిసారీ ఆగి మేమిద్దరం వస్తున్నామా అని చూసుకుంది.

సోమవారం కాగితం మీద సంతకం పడింది. "కన్నడ భాషలో మంచి ప్రవేశం గలదు" అని సారు స్వదస్తూరీ. ఆ మధ్యాహ్నం గోదాములో చాచాకు అంతా చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఉండలేకపోయాను.

"ఆవును ఆకళ్ అంటరు బేటా. హావ్ అంటె సాంపు. అంటె నువ్వు సాంపును హే, హే, ఛల్ అన్నవా?" ఆయన యూరియా బస్తాలు పట్టుకుని కళ్లవెంట నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "మరి కుక్క సంగతి?"

"ఏముంది చాచా, కుక్కకేం తెలుస్తది."

"కుక్కకు కాదు. సారుకు. పాపం ఆయన పొద్దుగాల నుంచి చాయ తాగలే. పోయి చెప్పు."

"చెప్త. జర పర్మనెంట్ ఆర్డర్ రానీ."

ఆర్డర్ వచ్చింది. "చెప్పినవా?" అన్నాడు చాచా. "దసరా పోనీ," అన్నాను. దసరా వెళ్లింది. "చెప్పినవా?" దీపావళి. ఆ తర్వాత ఆయన అడగడం మానేశాడు. నా బల్ల దగ్గరకు స్టూలు జరుపుకుని, మధ్యాహ్నాలు నాకు కన్నడం నేర్పడం మొదలుపెట్టాడు. ఎందుకని నేనూ అడగలేదు.

ఊరుకుని ఉన్నా సగం పాపమే అయ్యేది. నేను ఊరుకోలేదు. హోటల్లో టీ తాగుతూ ఎవరో ఆదివారం షికారు ఎట్లయిందని అడిగితే చెప్పడం మొదలుపెట్టాను. మొదటిరోజు మామూలుగా చెప్పాను. వాళ్లు నవ్వారు. రెండోరోజు లేచి నిలబడి, కుక్క తోక కాళ్ల మధ్య పెట్టుకుని ఎలా నక్కిందో నటించి చూపించాను. మూడోరోజుకు పక్క హోటలు వాళ్లూ వచ్చారు. నాకు ఆ వయసు దాకా అంతమంది నవ్విన అనుభవం లేదు. వారం తిరక్కుండా పొద్దున షికారుకు వచ్చే పెద్దసారును చూసి బజారులో ఎవడో ఒకడు "టైగర్, ఆవొచ్చె" అనేవాడు. సారు వినపడనట్టు నడిచేవారు. తర్వాత దారి మార్చారు. తర్వాత షికారే మానేశారు.

చలికాలం మొదట్లో టైగర్‌ను కోహీర్‌లో తెలిసినవాళ్ల జామతోటకు ఇచ్చేశారు. "తోటలోకి ఆవులు రావులే," అన్నారు నా వైపు చూడకుండా. జీపులో దాన్ని తీసుకెళ్లింది నేనే. దారి పొడుగునా నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది.

రెండేళ్లకు సారుకు బదిలీ అయింది. లారీలో సామాను వెళ్లిపోయింది, అమ్మగారు ముందురోజే రైలెక్కారు. ఆఫీసు ముందు దండలు వేసి, ఫోటో దిగి, అందరూ లోపలికి వెళ్లాక నేను జీపు పక్కన నిలబడి మొత్తం చెప్పాను. హావు, ఆవు, పుట్ట, ప్యాంటు అంచు, హోటల్లో నటన, అన్నీ. అప్పటికి నా ఉద్యోగం ఎవరూ కదిలించలేనంత గట్టిది. నాకు పోయేదేమీ లేనప్పుడు చెప్పిన నిజం అది. దానికి పెద్ద విలువ లేదని అప్పుడే తెలుసు. సారు తిడతారనుకున్నాను. ఆయన జీపెక్కి స్టీరింగు ముందు కూర్చుని ఒకే మాట అన్నారు. "ఎక్కు."

జీపును కోహీర్ వైపు తిప్పారు. జామతోట కంచె దగ్గర జీపు చప్పుడు వినగానే టైగర్ చెట్ల మధ్య నుంచి ఉరికొచ్చింది. కాస్త లావెక్కింది. సారు చుట్టూ తిరిగి, మీదికెక్కి, ఆయన చేతులూ ముఖమూ నాకి, నా దగ్గరకు కూడా వచ్చి తోక ఊపింది. సారు నేల మీద కూర్చుండిపోయారు. దాని చెవిలో ఏదో చెప్పారు, నాకు వినపడలేదు. తర్వాత లేచి జీపు తలుపు తెరిచి, "రారా, పోదాం," అన్నారు.

టైగర్ కంచె దాకా వెంట వచ్చింది. అక్కడ కూర్చుంది. మళ్లీ పిలిచారు. తోక ఊపింది కానీ లేవలేదు. ఒకసారి వెనక్కి తిరిగి తోట వైపు చూసి, మళ్లీ ఆయన వైపు చూసింది. మూడోసారి పిలవకుండా ఆయన జీపు వైపు తిరిగారు.

"నువ్వు దుబాసీవి కదయ్యా," అన్నారు నా వైపు తిరగకుండానే. "వాడేమంటున్నాడో చెప్పు."

తోట మీద మమకారం అనొచ్చు. అలిగింది అనొచ్చు. మిమ్మల్ని క్షమించింది సార్ అంటే ఆయన మనసు తేలికపడేదేమో. నోటి దాకా మూడూ వచ్చాయి.

"నాకు తెల్వది సార్," అన్నాను.

ఆయన నన్ను చూశారు, చాలా రోజుల తర్వాత నేరుగా. "ఇదొక్కటి నమ్ముతానయ్యా," అని తలుపు వేసుకుని వెళ్లిపోయారు. ఆయన్ను మళ్లీ చూడలేదు. టైగర్‌ను మాత్రం అది బతికున్నన్నాళ్లూ ఆదివారాలు వెళ్లి చూసొచ్చాను. తోటలో అది రెండు పాములను పట్టుకుందని తోటవాళ్లు చెప్పారు. నేను ఆశ్చర్యపోలేదు.

ఇప్పుడు నాకు యాభై దాటి చాలా ఏళ్లైంది. ఏ పెళ్లిలోనో నలుగురం కూడితే, ఆవుకు భయపడిన టైగర్ కథ ఎవరో ఒకరు ఎత్తుతారు. నేను లేచి, అట్లా జరగలేదు, జరిగింది ఇదీ అని మొదటి నుంచి చెబుతాను. ఓపిగ్గా వింటారు. విన్నాక ఒక మేనల్లుడు వరస కుర్రవాడు అంటాడు, "గిది గంత మజా లేదు మామా, ఆవుదే బాగుంటది," అని. లేచి తోక కాళ్ల మధ్య పెట్టుకున్నట్టు నక్కి చూపిస్తాడు. అందరూ పగలబడి నవ్వుతారు. వాడు ఆ నక్కడం వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడు. వాళ్ల నాన్న హోటల్లో, ముందు బల్ల దగ్గర కూర్చుని, నన్ను చూసి నేర్చుకున్నాడు. బాగానే చేస్తాడు, కాకపోతే మెడ ఇంకాస్త కిందికి వంచాలి. ఆ మాట నోటి దాకా వస్తుంది, మింగేసి నేనూ కొంచెం నవ్వుతాను.